ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పరీక్ష: గుర్తింపు పత్రం దగ్గర ఆగిపోకుండా ఎలా సిద్ధపడాలి

గుంటూరు బ్రాడీపేటలో మా పై వాటాలో ఉండే ఒక అమ్మాయి, విదేశీ విశ్వవిద్యాలయంలో చేరడానికి కావలసిన ఇంగ్లీషు పరీక్షకు నాలుగు నెలలు చదివి, పరీక్ష రోజున గది తలుపు వేసుకొని కంప్యూటరు ముందు కూర్చొని, ఒక్క ప్రశ్న కూడా చూడకుండానే కన్నీళ్లతో బయటకు వచ్చింది. పాస్‌పోర్టులో ఆమె ఇంటిపేరు పూర్తిగా ఉంది. పరీక్షకు నమోదు చేసుకున్నప్పుడు మాత్రం చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతిలో ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరం వేసింది. కెమెరా అవతల ఉన్న పర్యవేక్షకుడు రెండింటినీ పోల్చి చూసి, పేరు కలవలేదని చెప్పి పరీక్షను నిలిపివేశాడు. ఫీజు పోయింది, దరఖాస్తు గడువు దాటింది.

అప్పటి నుంచి మా వీధిలో ఎవరు ఇలాంటి పరీక్షకు కట్టినా వారిని ముందుగా ఒకసారి కూర్చోబెట్టి పత్రాలు చూస్తున్నాను. అలా చూస్తుండగా నాకు స్పష్టమైన విషయం ఒకటుంది. గుర్తింపు తనిఖీ అనగానే అందరూ కెమెరా గురించి, ఇంటర్నెట్ గురించి కంగారుపడతారు. నిజానికి అవి అప్పటికప్పుడు సర్దుకోగల ఇబ్బందులు. పేరులోని తేడాను మాత్రం పరీక్ష రోజున ఎవరూ సరిచేయలేరు. పర్యవేక్షకుడికి ఆ అధికారమే ఉండదు. కాబట్టి ఈ పనిని పరీక్షకు ముందురోజు రాత్రి కాదు, ఫీజు కట్టే రోజునే మొదలుపెట్టండి.

ముందుగా ఏ పత్రం చూపాలో తేల్చుకోండి

పరీక్ష నిర్వాహకుల నిబంధనలలో గుర్తింపు పత్రాల భాగాన్ని తెరిచి, అందులో భారతదేశంలో పరీక్ష రాసేవారికి ఏం చెప్పారో చదవండి. ఒకే సంస్థ వేర్వేరు దేశాలవారి నుంచి వేర్వేరు పత్రాలు కోరుతుంది కనుక, అమెరికాలో ఉన్న బంధువు తన డ్రైవింగ్ లైసెన్సు చూపి రాశాడన్నది మీకు ఆధారం కాదు. జేఈఈ మెయిన్ వంటి పరీక్షలకు కేంద్రానికి వెళ్లినప్పుడు ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివాటిలో ఏదో ఒకటి సరిపోతుంది. ఆ అనుభవం ఉన్న పిల్లలు ఇంటి నుంచి రాసే విదేశీ పరీక్షకు కూడా ఏదో ఒకటి చాలులే అనుకుంటారు. అక్కడ తరచుగా పాస్‌పోర్టునే అడుగుతారు.

నిబంధనలు చదివేటప్పుడు మూడు సంగతులు ప్రత్యేకంగా చూడండి. మొదటిది సంతకం. పత్రంపై అభ్యర్థి సంతకం ఉండాలన్న షరతు ఉంటే ఆధార్ పనికిరాదు, ఎందుకంటే ఆధార్‌పై మన సంతకం ఉండదు. రెండోది గడువు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లకో, పద్దెనిమిదేళ్లు నిండేటప్పటికో, ఏది ముందు వస్తే అప్పటికి ముగుస్తుంది. హైస్కూల్లో ఉండగా తీసిన పాస్‌పోర్టు బీరువాలో భద్రంగానే ఉంది కదా అని ఇంటర్ విద్యార్థులు ధీమాగా ఉంటారు. తీసి చూస్తే దాని గడువు దాటిపోయి ఉండవచ్చు. మూడోది అసలు పత్రమే కావాలన్న షరతు. డిజిలాకర్‌లోని పత్రం అసలు పత్రంతో సమానమని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉన్న మాట నిజమే. అయినా దూరం నుంచి పర్యవేక్షించే పరీక్షలలో సాధారణంగా చేతిలో పట్టుకొని కెమెరాకు చూపగల కార్డునో పుస్తకాన్నో కోరతారు. ఫోను తెరపై చూపిన పత్రాన్నీ, జిరాక్సు ప్రతినీ ఒప్పుకోరు.

అంగీకరించే పత్రాలలో పాస్‌పోర్టు ఉండి, అది చెల్లుబాటులో ఉంటే, మరో ఆలోచన లేకుండా దానినే ఎంచుకోమని నా సలహా. పేరులోని భాగాలు విడివిడిగా, సంతకం, గడువు తేదీ, తప్పుల్లేని ఇంగ్లీషు ముద్రణ అన్నీ ఒకేచోట ఉండే పత్రం అదొక్కటే.

పేరును అక్షరం అక్షరం పోల్చుకోండి

ఈ పని మీద మీరు ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. పెట్టిన పేరులోనూ తాతగారి పేరు, ఇలవేల్పు పేరు, జాతకం ప్రకారం వచ్చిన అక్షరం కలిసి రెండు మూడు మాటలుంటాయి. విదేశీ పరీక్షల నమోదు పత్రం మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు చూపించి ఊరుకుంటుంది. ఆ గళ్లలో మనవాళ్లు పేరును తలో రకంగా నింపుతారు. ఉదాహరణకు ఇంటిపేరు కొల్లి, పెట్టిన పేరు నాగ సాయి లక్ష్మి అనుకుందాం. ముందు వచ్చేది కదా అని కొల్లిని ఫస్ట్ నేమ్‌లో వేసేవారు ఉన్నారు. నాగను ఫస్ట్ నేమ్‌గా, సాయిని మిడిల్ నేమ్‌గా, లక్ష్మిని లాస్ట్ నేమ్‌గా వేసి ఇంటిపేరును వదిలేసేవారూ ఉన్నారు. పదో తరగతి మెమోలో ఉన్నదంతా ఒకే గడిలో కుక్కేవారినీ చూశాను.

సరైన పద్ధతి ఇది. పాస్‌పోర్టును తెరిచి ఎదురుగా పెట్టుకోండి. అందులో సర్‌నేమ్ అన్నచోట ఏముందో అదే లాస్ట్ నేమ్ గడిలోకి, గివెన్ నేమ్ అన్నచోట ఉన్న మాటలన్నీ అదే వరుసలో ఫస్ట్ నేమ్ గడిలోకి రావాలి. మిడిల్ నేమ్ గడి విడిగా ఉంటే, దాని పక్కనున్న సూచన చదివిన తర్వాతే నింపండి. అనుమానం వస్తే ఫొటో ఉన్న పుట అడుగున ఉన్న రెండు వరుసలు చూడండి. ఒక్కో వరుసలో 44 గుర్తులు ఉంటాయి. మొదటి వరుసలో పీ అక్షరం, ఒక కోణపు గుర్తు (<), ఐఎన్‌డీ అనే మూడు అక్షరాలు గడిచాక వచ్చేది మీ ఇంటిపేరు. కోణపు గుర్తులు రెండు పక్కపక్కన వచ్చినచోట ఇంటిపేరు ముగిసి, పెట్టిన పేరు మొదలవుతుంది. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ తరచుగా ఈ వరుసలనే చదువుతుంది. పేరుకు అక్కడ దొరికే చోటు 39 గుర్తులే కాబట్టి, మరీ పొడవైన పేర్లు చివర తెగిపోతాయి. మీ పేరు అలా తెగి ఉంటే, పైన ముద్రించిన పూర్తి పేరుతోనే నమోదు చేసుకొని, ఆ విషయాన్ని నిర్వాహకులకు ముందే రాయండి.

వరుస కుదిరాక అక్షరాలు చూడాలి. మన పేర్లను ఇంగ్లీషులో రాయడానికి ఒక కట్టుబాటు లేదు. లక్ష్మిని ఒకచోట కె, ఎస్, హెచ్ అక్షరాలతో, మరోచోట ఎక్స్‌తో రాసి ఉంటారు. శ్రీకి ఒకచోట ఒక ఐ, మరోచోట రెండు ఈలు. లతలో టీ పక్కన హెచ్ ఉందా లేదా, వెంకట చివర ఏ ఉందా లేదా, చౌదరిలో డీ పక్కన హెచ్ వచ్చిందా అన్నవి కంటికి ఆనని తేడాలు. చదివేటప్పుడు మన కన్ను మాటను మాటగా చూసి దాటిపోతుంది. అందుకని ఒక కాగితం మీద పాస్‌పోర్టులోని పేరును పెద్ద అక్షరాలతో రాసి, దాని కిందనే పరీక్ష నిర్ధారణ మెయిల్‌లోని పేరును రాసి, వేలు పెట్టి చివరి నుంచి మొదటికి పోల్చుకుంటూ రండి. వెనక నుంచి వస్తే తప్పు దాగదు. ఈ పనిని ఇంట్లో మరొకరి చేత కూడా చేయించండి.

ఆధార్‌తో పరీక్ష రాసేవారికి ఇబ్బంది కొంచెం ఎక్కువ, ఎందుకంటే ఆధార్‌లో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది, ఏది ఇంటిపేరో కార్డు చెప్పదు. చాలామంది ఆధార్‌లో ఇంటిపేరుకు పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. అలా ఉంటే నమోదులోనూ ఆ పొడి అక్షరాన్నే వాడాలి. పూర్తి ఇంటిపేరు వేయడం గౌరవంగా ఉంటుందనిపించినా వేయకూడదు. ఈ-ఆధార్‌ను, అంటే ఆధార్ ఆన్‌లైన్ ప్రతిని, దింపుకొని చూసేవారికి మరొక చిన్న చిక్కు ఎదురవుతుంది. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. పేరు పొడి అక్షరంతో, చుక్కతో మొదలైతే ఆ చుక్క కూడా నాలుగింటిలో ఒకటిగా లెక్కకు వస్తుంది. ఫైలు తెరుచుకోవడం లేదని ఎంతోమంది ఇక్కడే ఆగిపోతారు.

పెళ్లయిన స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మా జిల్లాలో చూస్తుంటాను: పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా పుట్టింటి ఇంటిపేరుతో ఉంటాయి, ఆధార్ అత్తవారి ఇంటిపేరుకు మారి ఉంటుంది, పాన్ మాత్రం మార్చలేదని అప్పుడు గుర్తుకు వస్తుంది. పర్యవేక్షకుడికి వివాహ ధ్రువపత్రం చూపి నచ్చజెప్పవచ్చన్న ఆశ పెట్టుకోకండి. అలాంటి అనుబంధ పత్రాలు అంగీకరిస్తామని నిబంధనలలో రాసి ఉంటే తప్ప వాటిని చూడరు. కెమెరాకు ఏ పత్రం చూపుతారో ఆ పత్రంలోని పేరుతోనే నమోదు చేసుకోండి. డిగ్రీ పట్టాలోని పేరుతో వచ్చే తేడాను విశ్వవిద్యాలయానికి వివరించుకోవడానికి తర్వాత వ్యవధి ఉంటుంది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉన్నవారు ఊహించి నింపవద్దు. ఒకే పేరు ఉన్నవారు ఏ గడిలో ఏం రాయాలో ఒక్కో సంస్థ ఒక్కో రకంగా చెబుతుంది. పరీక్ష నిర్వాహకులకు మెయిల్ రాసి, వచ్చిన జవాబును దాచుకొని, ఆ ప్రకారమే చేయండి.

తప్పు ఉందని తేలితే ఎక్కడ సరిచేయాలి

నమోదులోని పేరును మార్చడం పత్రంలోని పేరును మార్చడం కన్నా ఎప్పుడూ తేలిక. చాలా పరీక్షలలో అభ్యర్థి తన ఖాతాలో పేరును తానే మార్చుకోలేడు. సహాయ విభాగానికి రాసి, పత్రం ప్రతిని వారు చెప్పిన మార్గంలో పంపాలి. దీనికి రోజులు పడతాయి కనుక తప్పు కనిపించిన రోజునే రాయండి. ఫోనులో మాట్లాడినా సరే, మాట్లాడిన విషయాన్ని మెయిల్‌లోనూ పెట్టండి. మార్పు జరిగిందని వారు చెప్పాక ఖాతాలోకి వెళ్లి కళ్లారా చూసుకోండి. పరీక్ష దగ్గరపడినా జవాబు రాకపోతే, తేదీ మార్చుకునే గడువులోపలే పరీక్షను వాయిదా వేసుకోవడం మేలు. ఎలాగో గట్టెక్కుతుందిలే అని తప్పు పేరుతో కూర్చోవడం ఫీజును పణంగా పెట్టడమే.

పత్రంలోనే తప్పు ఉంటే మాత్రం కొన్ని వారాల ముందు కదలాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. అందువల్ల ఒక పరీక్ష కోసం తొందరపడి ఒక అవకాశాన్ని ఖర్చు చేసే ముందు, పదో తరగతి మెమో, పాన్, పాస్‌పోర్టు అన్నీ పక్కపక్కన పెట్టుకొని, ఇకపై ఏ రూపం ఉండాలో ఇంట్లో నిర్ణయించుకోండి. వార్డు సచివాలయాలలో, కొన్ని బ్యాంకులలో, తపాలా కార్యాలయాలలో ఆధార్ సేవలు దొరుకుతాయి. 2019లో ఢిల్లీతో పాటు దేశంలో మొదటగా ఆధార్ సేవా కేంద్రం తెరిచిన నగరం విజయవాడే. అక్కడికి వెళ్లేవారు ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకొని వెళ్తే పడిగాపులు తప్పుతాయి. 1947 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే సమాధానం చెబుతారు. పాస్‌పోర్టులో పేరు మార్చాలంటే పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకోవాలి, దానికి విజయవాడలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. పరీక్ష వారంలో మాత్రం ఏ పత్రానికీ మార్పు పెట్టకండి. మార్పు నమోదై, కొత్త కార్డు చేతికి రాక, పాత కార్డు చూపాలో కొత్త ముద్రణ చూపాలో తెలియని స్థితి అన్నిటికన్నా కష్టం.

పుట్టిన తేదీ, ఫొటో

అమెరికా సంస్థల నమోదు పత్రాలలో నెల ముందు, రోజు తర్వాత వస్తాయి. జులై 5న పుట్టినవారు మన అలవాటు ప్రకారం అంకెలు వేస్తే అది మే 7 అవుతుంది. రోజు 12 దాటితే గడి ఒప్పుకోదు కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. 12 లోపు రోజున పుట్టినవారికే ఈ పొరపాటు తెలియకుండా జరిగిపోతుంది. పాత ఆధార్ కార్డులు కొన్నింటిలో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, మరికొన్నింటిలో అసలు తేదీకి బదులు జనవరి 1 వేసి ఉంటుంది. అటువంటి కార్డు మీదైతే, మరో పత్రం చూపే వీలుందేమో ముందే చూసుకోండి.

ఫొటో సంగతికి వస్తే, ఆధార్‌లో అయిదేళ్లకు, పదిహేనేళ్లకు వేలిముద్రలు, కనుపాప, ఫొటో కొత్తగా ఇవ్వడం తప్పనిసరి. పదిహేనేళ్ల నవీకరణ చేయించని పిల్లల కార్డు మీద ఇంకా ఒకటో తరగతి ముఖమే ఉంటుంది. ఆ ఫొటోతో ఇరవై ఏళ్ల యువకుడిని పోల్చమంటే సాఫ్ట్‌వేరూ పోల్చలేదు, మనిషీ పోల్చలేడు. ఫొటో మార్పు ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో జరగదు, కేంద్రానికి వెళ్లాల్సిందే.

తిరుపతిలో తలనీలాలు సమర్పించి వచ్చినవారు, భవానీ మాలలోనో అయ్యప్ప మాలలోనో గడ్డంతో ఉన్నవారు తమను గుర్తించరేమో అని భయపడుతుంటారు. పోలిక ముఖ్యంగా కళ్లు, ముక్కు, నోటి అమరికను బట్టి సాగుతుంది కాబట్టి జుట్టు లేకపోవడం ఒక్కటే సాధారణంగా అడ్డు కాదు. అయినా ఇటీవలి ఫొటో ఉన్న రెండో పత్రాన్ని అందుబాటులో ఉంచుకోండి. పర్యవేక్షకుడు కళ్లజోడు తీయమంటే తీసి చూపండి.

కార్డు ఎలా ఉందో వెలుతురులో చూడండి

మనకు పత్రం చేతికి రాగానే లామినేషన్ చేయించడం అలవాటు. భద్రత కోసం చేసే ఆ పనే కెమెరా ముందు ఇబ్బంది పెడుతుంది. మెరిసే ప్లాస్టిక్ పొర మీద ట్యూబ్‌లైటు తెల్లటి చారగా పడి, సరిగ్గా పేరు మీదో ఫొటో మీదో అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్ చేసిన కార్డును ఊడదీయాలని చూడకండి, కాగితం చిరిగి మొత్తానికే పాడవుతుంది. కార్డును కొంచెం వంచి, కాంతి పక్కకు జారే కోణాన్ని వెతకండి. లామినేషన్ లోపల గాలి బుడగలు లేచినా, నీరు దిగి ఫొటో మరక పడినా, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ ద్వారా పీవీసీ (గట్టి ప్లాస్టిక్) కార్డు తెప్పించుకోండి. బజారులో ముద్రించి ఇచ్చే పీవీసీ కార్డు వద్దు. వాటిలో భద్రతా గుర్తులు ఉండవని, వాటిని వాడవద్దని యూఐడీఏఐ 2022లోనే చెప్పింది. పాస్‌పోర్టుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటే పరీక్షకు ముందు తీసేయండి.

రెండు రోజుల ముందు ఇంట్లో ఒక రిహార్సల్ చేయండి

పరీక్ష ఏ గంటకు ఉందో సరిగ్గా ఆ గంటకే, ఆ గదిలోనే, ఆ కంప్యూటరుతోనే చేయాలి, ఎందుకంటే మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ ఉదయం కనిపించదు. కిటికీ మీ వెనుక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. వెలుతురు ఎదురుగానో పక్క నుంచో వచ్చేలా బల్లను జరపండి.

ఫోనుతో పత్రాన్ని ఫొటో తీసి పంపమనే పరీక్షలలో వెనుక కెమెరానే వాడండి. ముదురు రంగు దుప్పటి లాంటి మెరవని బట్ట మీద పత్రాన్ని పరిచి, ఫ్లాష్ ఆపి, జానెడు ఎత్తు నుంచి నిటారుగా తీయండి. మరీ దగ్గరకు తెస్తే అక్షరాలు అలికినట్లు పడతాయి. నాలుగు మూలలూ ఫొటోలోకి రావాలి. చేత్తో పట్టుకునే పనైతే వేళ్లు అంచుల దగ్గరే ఉండాలి. తీసిన తర్వాత పెద్దది చేసి, పత్రంలోని అతి చిన్న అక్షరం చదవగలుగుతున్నారా చూడండి. మీకు చదవడానికి రానిది అవతలివారికీ రాదు.

ల్యాప్‌టాప్ కెమెరాతో చూపవలసి వస్తే ఓపిక పట్టాలి. చాలా ల్యాప్‌టాప్‌ల కెమెరా నిలువునా 720, అడ్డంగా 1,280 చుక్కలతోనే బొమ్మ తీస్తుంది, అంటే పది లక్షల చుక్కలు కూడా ఉండవు. పైగా దూరాన్ని బట్టి తనంతట తాను సర్దుకునే గుణం వాటిలో చాలావాటికి ఉండదు. కనిపించడం లేదు కదా అని కార్డును కెమెరాకు ఆనించేకొద్దీ ఇంకా మసకబారుతుంది. ముందు దూరంగా పట్టుకొని, అంగుళం అంగుళం దగ్గరకు తెస్తూ అక్షరాలు తేరుకున్నచోట ఆపండి, మోచేతులను బల్లకు ఆనించి కదలకుండా ఉంచండి. కార్డు తెల్లగా వెలిగిపోతుంటే తెర వెలుగును తగ్గించండి. మీ తెరపై అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపించవచ్చు. చాలావరకు అది మీకు మాత్రమే అలా కనిపిస్తుంది, అవతలికి సరిగానే వెళ్తుంది.

కెమెరా అసలే తెరుచుకోకపోతే కారణాలను ఒక వరుసలో వెతకండి. కెమెరా మీద జరిపే మూత వేసి ఉందేమో మొదట చూడండి. తర్వాత బ్రౌజరులో చిరునామా పక్కనున్న గుర్తును నొక్కి కెమెరా, మైకు అనుమతులు ఇచ్చారో లేదో, విండోస్ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో కెమెరా అనుమతి ఉందో లేదో చూడండి. మ్యాక్ కంప్యూటరులో తెరను రికార్డు చేసే అనుమతి కూడా విడిగా అడుగుతుంది. జూమ్, టీమ్స్ వంటివి వెనుక తెరిచి ఉంటే కెమెరాను అవి పట్టుకొని ఉంటాయి. దూరం నుంచి కంప్యూటరును నడిపే ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్ లాంటివి ఉంటే పరీక్ష సాఫ్ట్‌వేర్ ముందుకు సాగనివ్వదు. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడే ఆలోచన ఉంటే మానుకోండి, దానిలోని ఆంక్షలు మీ చేతిలో ఉండవు.

ఫోనుకు వచ్చిన లింకును ఏదైనా యాప్‌లోనుంచి నొక్కితే అది ఆ యాప్ లోపలి బ్రౌజరులో తెరుచుకొని కెమెరా అనుమతి అడగకపోవచ్చు. లింకును కాపీ చేసి క్రోమ్‌లోనో సఫారీలోనో తెరవండి. ఐఫోనుతో ముందే తీసిన ఫొటోను వెబ్‌సైటు తిరస్కరిస్తుంటే అది హెచ్‌ఈఐసీ అనే ఐఫోను ఫొటో ఫైలు రూపంలో ఉందేమో చూడండి. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ అన్నచోట మోస్ట్ కంపాటబుల్ ఎంచుకొని మళ్లీ తీస్తే జేపీజీగా వస్తుంది. ఒక ఫోను నుంచి మరో ఫోనుకు వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మను వాడకండి, పంపేటప్పుడే అది నాణ్యత కోల్పోతుంది.

పత్రాల స్కానింగ్ కోసం నెట్ సెంటరుకు వెళ్లినవారు అక్కడి కంప్యూటరులో డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తమ ఫైళ్లను తొలగించిన తర్వాతే లేవండి. తనిఖీ పేరుతో ఎవరైనా ఆధార్ ఓటీపీ అడిగితే చెప్పకండి. పర్యవేక్షకుడి పని మీ ముఖాన్నీ పత్రాన్నీ చూడటం, అందుకు ఓటీపీతో అవసరం లేదు.

పరీక్ష రోజు

నిర్ధారణ మెయిల్‌లోని సమయం మన సమయమేనా అని ముందురోజే చూసుకోండి. గ్రీనిచ్ సమయం రాసి ఉంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. సాధారణంగా అరగంట ముందు నుంచి తనిఖీకి అనుమతిస్తారు. ఆ తలుపు తెరుచుకున్న మొదటి నిమిషంలోనే కూర్చోండి, ఫొటో రెండుసార్లు తిరస్కరించినా మళ్లీ తీయడానికి వ్యవధి ఉంటుంది. మరమ్మతుల కోసం కరెంటు తీసే వేళలను పత్రికల జిల్లా పేజీలలో ప్రకటిస్తారు, వాటిని చూడండి. రూటరును ఇన్వర్టరుకు కలపండి. కరెంటు పోతే 1912కు ఫోను చేసే పనిని ఇంట్లో మరొకరికి అప్పగించండి. కాఫీ ఇవ్వడానికి కూడా ఎవరూ గదిలోకి రాకూడదని ఇంట్లోవాళ్లకు ప్రేమగా, గట్టిగా చెప్పండి. గోడ మీద దేవుడి పటాలు ఉన్నా ఫరవాలేదు గాని, పాఠాల పట్టికలూ సూత్రాలు రాసిన కాగితాలూ తీసేయండి.

పర్యవేక్షకుడు మాట్లాడితే తొందరపడకుండా జవాబివ్వండి. ఉచ్చారణ అర్థం కాకపోతే చాట్‌లో రాయమని అడగడంలో తప్పు లేదు. పేరు విషయంలో అనుమానం వ్యక్తం చేస్తే, మా పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుందని, పాస్‌పోర్టులో సర్‌నేమ్ అన్నచోట ఉన్నదే నమోదులో లాస్ట్ నేమ్‌గా ఉందని ఒక్క వాక్యంలో చెప్పి, ఆ చోటును వేలితో చూపండి. వాక్యాన్ని ముందే ఇంగ్లీషులో రాసి, పరీక్షకు ముందు నాలుగుసార్లు పైకి చదువుకొని ఉంచుకుంటే ఆ కంగారులో మాటలు తడబడవు.

అయినా తిరస్కరిస్తే

తెరపై ఉన్న పరీక్ష విండోను మూసేయకండి. తెరపై వచ్చిన కారణాన్ని పూర్తిగా చదవండి. మసక, మెరుపు, మూల తెగడం వంటి కారణమైతే మళ్లీ తీయడానికి అవకాశం ఇస్తారు. అదే కోణంలో అదే ఫొటో మళ్లీ తీయకుండా, లైటు ఆర్పి లేదా కుర్చీ తిప్పి, వేరుగా తీయండి. రెండోసారీ కుదరకపోతే నిబంధనలు అంగీకరించే మరో పత్రం చూపవచ్చా అని అడగండి. దానిపై కూడా నమోదులోని పేరే ఉండాలి. కారణం పేరులో తేడా అయితే వాదన పెంచినా ఫలితం ఉండదు. తిరస్కరణ కారణాన్ని చాట్‌లో రాతపూర్వకంగా ఇవ్వమని, ఫిర్యాదు సంఖ్య ఇవ్వమని అడిగి, ఆ రెండూ కాగితం మీద రాసుకోండి. పరీక్ష తెరను ఫోనుతో ఫొటో తీయకండి, అది వేరే నేరంగా లెక్కకు వస్తుంది.

తర్వాత అదే రోజున సహాయ విభాగానికి రాయండి. మా పై వాటా అమ్మాయి మొదట రాసిన ఉత్తరంలో ఎన్ని నెలలు చదివిందీ, ఎంత బాధపడిందీ ఉంది; ఆ బాధ న్యాయమైనదే, కాని నిర్ణయం తీసుకునేవారికి కావలసిన వివరాలు అందులో లేవు. ఇద్దరం కూర్చొని తిరిగి రాశాం. నమోదు సంఖ్య, పరీక్ష తేదీ, భారత సమయం ప్రకారం తనిఖీ మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, చూపిన పత్రం రకం, పర్యవేక్షకుడు చెప్పిన కారణం, నమోదులో పేరు ఎలా ఉంది, పత్రంలో ఎలా ఉంది, తాను కోరుతున్నది పేరు సవరణ, కొత్త తేదీ అని పది వరుసలలో పెట్టాం. పాస్‌పోర్టు ప్రతిని మెయిల్‌కు జతచేయకుండా, వారు ఇచ్చిన అప్‌లోడ్ మార్గంలోనే పంపాం. పేరు సరిచేసినట్లు జవాబు వచ్చాక, ఆ జవాబును ముద్రించి పాస్‌పోర్టుతో పాటు ఒకే కవరులో పెట్టింది. కొత్త తేదీకి కట్టే ముందు ఖాతాలోని పేరును మళ్లీ చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వేలు పెట్టి చదివింది.